పసుపు తూకం

నాగులమ్మ పరుగున వచ్చేసరికి కామాక్షయ్య పందిరి కింద కూర్చొని, చినిగిన వలను కాలి బొటనవేలికి తగిలించుకొని కుడుతున్నాడు. ఆమె వంగి కొంగు విప్పింది. కొంగులో అరచెయ్యంత పెచ్చు. పైన కుంకుమ, అంచున పసుపు. నూనె ముక్కిన వాసన.

"అమ్మ రాయిది, బావా. నూనె పూస్తావుంటే ఊడి చేతిలోకొచ్చింది. నేనేం చెయ్యలా."

"ఎండలకు పగిలింది. దానికింత ఒణుకెందుకు?"

"ఒణకనా? ఎవురన్నా చూస్తే అమ్మ ఒంటిని పగలగొట్టినానంటారు. అక్కకు చేసినట్టే నాకూ చేస్తారు."

కామాక్షయ్య దారం పంటితో కొరికాడు. అక్క అంటే పిచ్చమ్మ, నాగులమ్మకు వరసకు అక్క. అతని భార్య. నాగులమ్మకంటే ముందు ఆ రాయికి పసుపు పూసిన మనిషి. ఆమె పోయిన తరువాత ఒక వానాకాలం వచ్చి పోయింది.

పెచ్చు తీసుకోబోయి అతను రెండో చెయ్యి కూడా కింద పెట్టాడు. చూపుకు చెక్కముక్కలా ఉంది. చేతికి బరువుగా తగిలింది. అంచు తిప్పి చూశాడు. ఉల్లిపాయ పొరల్లా పొర మీద పొర.

"రా, చూద్దాం."

గంగమ్మ గుడిసె ఆ జాలర్ల కుప్పానికి చివర, సరస్సు ఒడ్డున పడవలు లాగి పెట్టే చోట ఉంది. తాటాకు కప్పు. లోపల అమ్మవారి పటం లేదు, బొమ్మ లేదు. ఉన్నది ఆ రాయే. రెండు వీశెల రాయి. జాతర నాడు, సావుకారు రొయ్యలు కొనేటప్పుడు తూచే ఇనపరాయిని తక్కెడలో దీనికి ఎదురుగా పెడతారు. రెండూ సమంగా నిలిస్తే ఆ ఏడాదంతా తూకం మీద ఎవరూ నోరెత్తకూడదు. అది కుప్పం కట్టుబాటు.

కామాక్షయ్య రాయిని తిప్పాడు. పెచ్చు ఊడిన చోట నల్లరాయి కనిపించింది. అతను చిన్నప్పుడు చూసిన నలుపు. మిగతా అంతా పసుపే. వేలు మందాన ఉంది.

"పసుపు యాడిది?"

"సావుకారిచ్చేదే. ఎప్పుడూ ఆయనే గదా ఇచ్చేది. ఈ జాతరకు రెండు పొట్లాలిచ్చినాడు. పలచగా పూయబాక నాగులమ్మా, అమ్మ ఒళ్లు నిండుగా కనపడాల అన్నాడు."

కామాక్షయ్య పెచ్చు పంచెలో కట్టుకున్నాడు.

"అది నీకెందుకు బావా? నీళ్లలో కలిపేస్తా, ఇయ్యి."

"నా దగ్గరుండనీ."

మరునాడు పొద్దున సావుకారు రంగనాయకులు కొట్టం ముందు గంపలు వరసగా ఉన్నాయి. రొయ్యల మీద తడి గోనెలు కప్పి ఆడవాళ్లు వాటి పక్కనే గొంతుక్కూచున్నారు. తూనికల ఇన్స్పెక్టరు రేపు వస్తాడని తలారి చెప్పి పోయాడు. ఈ నెలతో వీశెలు రద్దు. ఇంక కిలోలే.

"కిలో అంటే వీశెకు ఏమైతుందక్కా? కూతురా?"

"కోడలు. వచ్చీ రాంగానే అత్తను ఇంట్లోంచి నెడతావుంది గదా."

ఆడవాళ్లు నవ్వారు. సావుకారు కూడా నవ్వాడు. అతను నవ్వే మనిషి. సూళ్లూరుపేట నుంచి వచ్చినప్పుడల్లా ఆడవాళ్లకు వక్కపొడి, గంగమ్మకు పసుపు మరిచిపోడు.

"కిలో చిన్నది, లెక్క పెద్దది. మీకే లాభం," అన్నాడు. గోడవారగా కొత్త ఇనపరాళ్లు పెట్టి ఉన్నాయి, అయిదు కిలోలది, రెండుది, ఒకటిది. నల్లరంగు ఇంకా మెరుస్తూ ఉంది.

కామాక్షయ్య వంతు వచ్చింది. గంపలోవి కొన్ని ఒక పళ్లెంలో ఒంపి, రెండు వీశెల ఇనపరాయిని రెండో పళ్లెంలో తానే పెడతానన్నట్టు ఎత్తాడు. ఎత్తి తలకిందులు చేశాడు. అడుగున గుంట. గుంట నిండా సీసం. అంచున పాతది నల్లబడి ఉంది. దానిమీద ఒక పొర తెల్లగా ఉంది. దానిమీద ఇంకా తెల్లగా ఇంకో పొర.

అమ్మ రాయి మీద పసుపు ఎట్లా ఉందో అట్లా ఉంది.

"ఏంది చూస్తా ఉండావు?" సావుకారు నవ్వు తగ్గలేదు.

"సీసం."

"అన్ని రాళ్లకూ ఉంటాది. పోతపోసినప్పుడు తక్కువైతే సీసంతో సరిచేస్తారు. నీ పెళ్లాం చూపు నీకూ వచ్చినట్టుండాదే! ఆమెకు అమ్మే జవాబు చెప్పింది. మళ్లా అడగాల్నా?"

వరసలో నవ్వు ఆగింది. పిచ్చమ్మ అడిగిన రోజు అక్కడ లేనివాళ్లు ఎవరూ లేరు. పిచ్చమ్మ ఎండు రొయ్యలు తానే సంతకు మోసుకుపోయి అమ్ముకొచ్చింది. ఇక్కడ రెండు వీశెలైనవి అక్కడ అంతకు మించి తూగాయని ఇదే కొట్టం ముందు నిలబడి చెప్పింది. అమ్మ రాయిని తెచ్చి ఇనపరాయికి ఎదురు పెట్టారు. సమంగా నిలిచింది. అమ్మను శంకించిందని ఆమెకు తప్పు వేశారు. కామాక్షయ్య పాడు, అంటే నీళ్లలో వల వేసుకొనే వంతు, ఒక విడత తీసేశారు. పిచ్చమ్మ తడిబట్టలతో గుడిసె చుట్టూ తిరిగి వచ్చి సావుకారు ముందు వంగింది. తరువాత ఆమె రాయిని ముట్టలేదు. సంతకు పోలేదు. ఇంట్లో కూడా చెప్పాల్సినంతే చెప్పేది.

కామాక్షయ్య ఇనపరాయిని పళ్లెంలో పెట్టాడు. రొయ్యలు చాలలేదు. సావుకారు మనిషి "ఇంకో దోసెడు" అన్నాడు. కామాక్షయ్య వేశాడు.

ఆ మధ్యాహ్నం మగవాళ్లు నీళ్ల మీద ఉన్నారు. ఆడవాళ్లు కునుకు తీస్తున్నారు. కామాక్షయ్య గుడిసెలో పిచ్చమ్మ పాత చీర ముక్క పరిచాడు. రాయిని దానిమీద పెట్టి, కాళ్ల మధ్య ఇరికించుకొని, చేపల కత్తితో గీకడం మొదలుపెట్టాడు.

నాగులమ్మ తడిక దగ్గర నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పాపం, బావా. కళ్లు పోతాయి."

"చూసిన కళ్లేం చేసినాయి గనక?"

"ఒద్దు, ఆపు. నీళ్లు పోసి నానబెట్టు. గంట్లు పడతాయి రాయికి."

గంట్ల మాటలో బుద్ధి ఉంది. నీళ్లు పోస్తే మాత్రం పసుపు కరిగిపోతుంది. కత్తి పక్కన పెట్టి ఆలిచిప్ప తీసుకున్నాడు. చిప్ప రాయిని తినదు. పైపొరలు తేలికగా వచ్చాయి. వాటిమీద నాలుగు వేళ్ల చారలున్నాయి. నాగులమ్మ వేళ్లు. కొంత లోతుకు పోయాక చారలు మూడయ్యాయి.

అతని చెయ్యి ఆగింది.

పిచ్చమ్మ చూపుడువేలు జెల్లచేప ముల్లు గుచ్చుకొని వంగిపోయింది. మళ్లీ చాపలేకపోయింది. అన్నం కలిపినా, గోడ అలికినా, మూడు వేళ్లే పడేవి. అక్కడి నుంచి లోపలికంతా మూడు చారలే. పొర తీస్తే కింద మళ్లీ అవే. ఏ పొరా వంకరగా లేదు. ఎక్కడా తొందర లేదు. సావుకారు పొట్లంలో ఇచ్చిందంతా ఒక్క చిటికె కూడా కింద పడకుండా పూసింది.

"అక్క చెయ్యి ఇది," అంది నాగులమ్మ. ఆమె లోపలికి వచ్చి కూర్చుంది. "నాకు ఇట్టా రాదు."

"దాని భక్తే దాని నోరు కట్టింది."

"ఏమంటా ఉండావు?"

"రాయి లావైనప్పుడల్లా వాడు సీసం పోసుకున్నాడు. దీని మీద పసుపెంతో వాడి రాయిలో సీసం అంత. సమంగా నిలవక ఏం చేస్తాది?"

నాగులమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె అరచేతులు చూసుకుంది. పసుపు పట్టిన అరచేతులు. చీరకేసి తుడుచుకుంది.

"రేపు అందరి ముందు చెప్తావా?"

"చెప్పను. తూకం పెడతా. ఇన్స్పెక్టరు చూస్తాడు. దాని మీద వేసిన తప్పు తీసెయ్యాల. అంతే నాకు కావాల్సింది."

అతను మళ్లీ చిప్ప తీసుకున్నాడు. మూడు చారలు ఒక్కో పొరగా ఊడి చీర ముక్క మీద పడ్డాయి. ఒక్క పెచ్చు కూడా పారెయ్యలేదు. నిన్నటిది కూడా తెచ్చి వాటిలో కలిపాడు. మూట కట్టాడు.

మరునాడు ఇన్స్పెక్టరు గంగాధరం పడవ దిగుతూనే బురదలో చెప్పు పోగొట్టుకున్నాడు. నౌకరు హజరత్తయ్య పెట్టె నెత్తిన పెట్టుకొని, కాలితో బురద కెలికి చెప్పు వెతికిచ్చాడు. గంగాధరం నడివయసు మనిషి. మొన్నటిదాకా తాలూకా కచేరీలో గుమాస్తా. రైలు దిగి, ఎద్దుబండి ఎక్కి, పడవ ఎక్కి వచ్చాడు. ముఖం ఎండకు వాడి ఉంది.

కొట్టం ముందు బల్ల వేశారు. సావుకారు కొబ్బరిబోండం కొట్టించాడు. కుప్పం పెద్ద చిన్నపోలయ్య తలగుడ్డ తీసి చేత పట్టుకొని నిలబడ్డాడు. ఆడవాళ్లు గంపలతో ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క.

హజరత్తయ్య పెట్టె తెరిచాడు. అందులో సుత్తి, ఉక్కు ముద్ర, కాగితాల కట్ట. పెట్టెలో మిగతా గుంటలు, రాళ్లు పెట్టుకోవడానికి చేసిన గుంటలు, ఖాళీగా ఉన్నాయి. పెద్దవి, చిన్నవి, వేలు దూరేటంత చిన్నవి. ఒక దాంట్లో హజరత్తయ్య తన సున్నపుకాయ పెట్టుకున్నాడు.

సావుకారు కొత్త రాళ్లు బల్ల మీద పెట్టించాడు. గంగాధరం అయిదు కిలోల రాయిని తలకిందులు చేశాడు. అడుగున సీసం మెరిసింది. దానిమీద ముద్ర ఆనించి సుత్తితో కొట్టాడు.

కామాక్షయ్య ముందుకు వచ్చాడు.

"సామీ, ఆ సీసం ఎవురు పోసినారో అడగండి."

"సీసం ఉండాలయ్యా. ముద్ర వేసేది దానిమీదే."

"తూచకుండా వేస్తారా?"

గంగాధరం సుత్తి దించాడు. కోపం రాలేదు. అలసట వచ్చింది. "దేంతో తూచమంటావు? తాలూకా అంతటికీ నేనొక్కణ్ణి. సరిచూసే రాళ్లు ఇంకా పంపలేదు. రాశాను. డబ్బు మంజూరైతే వస్తాయంటున్నారు. ముద్ర ఎట్లా కొట్టాలో మాకు నేర్పారు. తూకం ఎట్లా పట్టాలో నేర్పే ఆయన రానేలేదు. ఫ్యాక్టరీ వాళ్లు సరిగ్గానే పంపుతారని నమ్ముతాం."

"అమ్మ రాయి మాకుండాది. దాంతో చూడండి."

అతను గోనెసంచి విప్పి రాయిని బల్ల మీద పెట్టాడు. నల్లరాయి. పసుపు లేదు, కుంకుమ లేదు. ఆడవాళ్లలో ఒకరు గట్టిగా ఊపిరి పీల్చారు. చిన్నపోలయ్య చేతిలోని తలగుడ్డ జారి కింద పడింది.

"ఏం చేసినావురా?"

"పసుపు గీకినా."

"అమ్మ ఒంటి తోలు వొలిచినాడు, చూడండయ్యా," అన్నాడు సావుకారు. అప్పుడూ గొంతు పెంచలేదు.

కామాక్షయ్య రాయిని తీసుకుపోయి తక్కెడలో పెట్టాడు. ఎదురుగా సావుకారు రెండు వీశెల పాత ఇనపరాయి పెట్టాడు. ఇనపరాయి ఉన్న పళ్లెం దిగిపోయి నేలను తాకింది. అమ్మ రాయి పైన ఊగింది.

సావుకారు గొంతు సవరించుకున్నాడు.

"గీకితే తగ్గదా? రాయిని అరగదీసి తెచ్చి నా రాయి ఎక్కువంటే ఎట్టా? ఇంటి గడప మీద సానబట్టినాడో ఏమో. రెండు నెలల కింద జాతరలో సమంగా నిలిచింది మీ అందరి ముందే గదా!"

"నిలిచింది," అన్నాడు చిన్నపోలయ్య.

గంగాధరం లేచి వచ్చి రాయిని తడిమి చూశాడు. "రెండు వీశెలంటే రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు, సుమారుగా. రెండు కిలోలది ఇక్కడుంది. ఎనిమిది వందల గ్రాములు నేనెక్కడ తెచ్చేది? చిన్న రాళ్లుంటే క్షణంలో తేల్చేవాణ్ణి."

"చిన్న రాళ్లు అక్కర్లేదు," అన్నాడు కామాక్షయ్య.

మొలలోంచి మూట తీశాడు. ముడి విప్పి, చీర ముక్క తీసేసి, పసుపు పెచ్చులన్నీ అమ్మ రాయి పక్కన పళ్లెంలో పోశాడు. అరచేతికి అంటిన పొడి కూడా దులిపాడు. పైన ఊగుతున్న పళ్లెం దిగింది. దిగి, ఇంకొంచెం దిగి, ఎదుటి పళ్లేనికి సమంగా వచ్చి ఆగింది. తక్కెడ ముల్లు నిటారుగా నిలబడింది.

గాలికి సరస్సు మీది నుంచి నీటివాసన వచ్చింది. గంపల్లో రొయ్యలు చిటపటలాడడం వినిపించింది.

"అంటే," అన్నాడు గంగాధరం నెమ్మదిగా, "రాయి అరగలేదు. ఊడింది పసుపే. మీ రాయి మీద పసుపు ఎంత పేరుకుందో, ఈయన రాయి అంత ఎక్కువుంది."

"ఆ మాట మళ్లా అనండి సామీ. అందరూ వినాల."

గంగాధరం అనలేదు. సావుకారు వైపు చూశాడు, పెట్టెలోని ఖాళీ గుంటల వైపు చూశాడు. "కేసు రాస్తే నన్ను కోర్టులో అడుగుతారు, ఏ రాయితో సరిచూశావని. గంగమ్మ రాయితో అని చెప్పలేను. పైగా వీశెలు రద్దయినాయి. రద్దయిన తూకంలో దొంగతనానికి ఏ సెక్షనో నాకు తెలియదు. మాకు చెప్పలేదు." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పాత రాళ్లన్నీ స్వాధీనం చేసుకోవాలి. ఇది చెప్పారు."

"అమ్మ రాయి కూడానా?"

"ముద్ర లేని రాయి తక్కెడలో కనిపిస్తే తీసుకోవాలి. నా కళ్ల ముందే పెట్టావు కదయ్యా! పెట్టకుండా ఉంటే మొక్కే రాయి అనుకొని పోయేవాణ్ణి."

కామాక్షయ్య రెండు చేతులూ రాయి మీద వేశాడు. చిన్నపోలయ్య వచ్చి అతని భుజం పట్టుకొని పక్కకు జరిపాడు. హజరత్తయ్య ఇనపరాయిని, అమ్మ రాయిని ఒకే సంచిలో వేశాడు. లోపల రెండూ ఒకదానికొకటి తగిలి చప్పుడైంది. పళ్లెం శుభ్రం చెయ్యమని సావుకారు సైగ చేశాడు. అతని మనిషి పళ్లెం వంచి తట్టాడు. పసుపు పెచ్చులు ఇసకలో, రొయ్యల మీసాల మధ్య పడ్డాయి.

గంగాధరం బల్ల దగ్గరికి పోయి రెండు కిలోల రాయి తలకిందులు చేశాడు. సుత్తి దెబ్బ. ఒక కిలో రాయి. సుత్తి దెబ్బ. బోండంలో నీళ్లు మిగిలి ఉన్నా తాగకుండా లేచాడు. పడవ దాకా వెనక్కి చూడలేదు.

పడవ కదిలాక కామాక్షయ్య అడిగాడు. "పిచ్చమ్మ మీద వేసిన తప్పు?"

చిన్నపోలయ్య తలగుడ్డ దులిపి చుట్టుకున్నాడు. "పోయిన మనిషి మీద తప్పేంది, ఒప్పేంది. అందరం కూచొని వేసినాం. ఇప్పుడు తీసేస్తే అందరం తప్పైపోతాం. నీ పాడు ఒక విడత ఎక్కువ రాయిస్తాలే."

"పోయినదానికి పాడు ఎందుకు?"

"అమ్మ రాయి పోగొట్టినావు. ఆ మాట ఎత్తకుండా ఉండామంటే నీ మొహం చూసే. ఇంక ఊరుకో."

మగవాళ్లు ఒక్కొక్కరే వలల వైపు పోయారు. సావుకారు చల్లగా పిలిచాడు. "రండమ్మా, ఎండెక్కతా ఉండాది. సర్కారు ముద్ర పడింది, ఇంక ఎవురికీ అనుమానం లేదు."

గంపలు కదిలాయి. ఆడవాళ్లు పసుపు పడిన చోటు తొక్కకుండా చుట్టూ తిరిగి వరసలో నిలబడ్డారు. నాగులమ్మ ఒక్కతే కూర్చొని పెచ్చులు ఏరి కొంగులో వేసుకుంది. తెచ్చి అతని ముందు పట్టుకుంది.

"తీసుకో బావా. అక్క చెయ్యి."

"రాయి లేకుండా ఇవి నాకెందుకు?"

"అక్క మాట నిజమేనని ఆ పొద్దే నా మనసుకు తోచింది."

"తోచిందాన్ని మింగినావు. అది సావుకారు ముందు వొంగుతా ఉంటే వరసలో నిలబడి చూసినావు."

నాగులమ్మ కళ్లు తుడుచుకోలేదు. "నేను పరాయిదాన్ని. మొగుడివి నువ్వుండావు గదా పక్కనే! నువ్వు నోరు తెరిచినావా?"

అతను సరస్సు వైపు చూశాడు. పడవ చిన్నదై పోయింది.

"కామాక్షయ్యా," సావుకారు మనిషి పిలిచాడు. "నీ గంపే. ఒంపు, కుళ్లిపోతాయి."

నిజమే. ఎండకు రొయ్యలు ఎర్రబడుతున్నాయి. కామాక్షయ్య గంప ఎత్తుకొని పోయి పళ్లెంలో చేతి లెక్కన రెండు కిలోలకు సరిపడా ఒంపాడు. ఎదురుగా రెండు కిలోల కొత్త రాయి ఉంది. అది నేల మీది నుంచి లేవలేదు.

"ఇంకో దోసెడు," అన్నాడు సావుకారు మనిషి.

కామాక్షయ్య వేశాడు. లేవలేదు. గంపలోకి వంగి ఇంకో దోసెడు తీశాడు.